ఏడాదిలోపు బిడ్డకు మనం పెట్టేదీ ఆపేదీ తారుమారైంది

 

మనం ఇక్కడ ఎక్కువగా స్కాలర్‌షిప్పు, మెస్ బిల్లు, క్యాస్ట్ సర్టిఫికెట్టు, నోటిఫికేషన్ల గురించి రాసుకుంటాం. ఈరోజు నేను చంటిబిడ్డల తిండి గురించి రాస్తున్నా. కలికిరిలో ఇంజనీరింగ్ చదివే మగపిల్లోడికి ఇదెందుకురా అని నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. పోస్ట్ పెద్దదే.

ముందు నా తప్పు చెప్పుకుంటా.

మా అక్కకు కొడుకు పుట్టినప్పుడు ఇంట్లో నాకంటే ఎక్కువ సంబరపడినోళ్ళు లేరు. మేనమామని కదా. శనివారం హాస్టల్ నుంచి తండాకి పోయేటప్పుడు బస్టాండు దగ్గర వాడికోసమని ఒక బిస్కెట్ పాకెట్, ఒక మామిడిపండు జ్యూసు కొనుక్కొని పోయేవాణ్ణి. ఆరు నెలలు నిండేవరకు వాడికి తల్లిపాలే. ఏడో నెలలో అక్క, బావ అప్పు తీర్చుకోడానికి బెంగళూరు బిల్డింగు పనికి పోయినారు. అక్కడ రేకుల షెడ్డు, సిమెంటు దుమ్ము, దోమలు. అందుకే బిడ్డని మా అమ్మ తావ వదిలినారు. అప్పటినుంచి వాడి తిండి ఇదీ. సీసాలో ఆవుపాలు, దాంట్లో సగం నీళ్ళు, రెండు చెంచాల చక్కెర. పొద్దున టీలో ముంచిన బిస్కెట్. సాయంత్రం మళ్ళీ టీ, మళ్ళీ బిస్కెట్. శనివారం నా జ్యూసు.

వాడు బొద్దుగా ఉన్నాడు, తెల్లబడినాడు అని అందరం మురిసిపోయినాం. అది రక్తం లేక వచ్చిన తెలుపని మాకు తెలీదు. పదో నెలలో గోడ పెళ్ళలు గీకి నాకడం మొదలుపెట్టినాడు. కూర్చోబెడితే కాసేపటికే పక్కకు ఒరిగిపోయేవాడు. ఆసుపత్రికి తీసుకపోతే రక్తం చూసి హిమోగ్లోబిన్ 7.2 అన్నారు. ఆ వయసుకి పదకొండు దగ్గర ఉండాలంట. ఇంకొంచెం తగ్గుంటే రక్తం ఎక్కించాల్సి వచ్చేదని చెప్పినారు.

"ఏం పెడతావమ్మా?" అని అడిగితే మా అమ్మ గర్వంగానే చెప్పింది, పాలు, బిస్కెట్, టీ అని. "అన్నం? పప్పు? గుడ్డు?" అంటే, "పండ్లు కూడా రాలేదు, అయ్యన్నీ ఎట్ల పెడతాం సార్" అంది. ఆయన అందరి ముందరా గట్టిగా అరిచినాడు. మా అమ్మ తల దించుకొని నిలబడింది. నేను పక్కనే ఉన్నా. ఆ బిస్కెట్ తెచ్చింది నేనని ఒక్క మాట చెప్పలేకపోయినా.

ఆ రోజునుంచి దొరికినంతా చదువుతున్నా, ఆశా అక్కను, అంగన్‌వాడీ అక్కను అడుగుతున్నా. నాకు అర్థమైంది ఒకటే. మన ఇళ్ళల్లో లిస్టు తారుమారైంది. ఏడాదిలోపు బిడ్డకు పెట్టకూడనివి ప్రేమగా పెడుతున్నాం, పెట్టాల్సినవి భయపడి ఆపుతున్నాం. మన సంగటి, మన పప్పు, మన చెనక్కాయలు ఇంట్లోనే ఉన్నా, బిడ్డ నోటికి మాత్రం అంగట్లో వేలాడే పాకెట్ అందుతోంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 6 నెలల నుంచి 5 ఏళ్ళలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత. దేశం మొత్తంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది 11 శాతం మందికే.

ముందు పెట్టకూడనివి. మన తండాల్లో, కాలనీల్లో ఏది ఎక్కువ చేటు చేస్తోందో ఆ వరసలో రాస్తున్నా.

టీ. పుట్టినప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము బిడ్డకు దాదాపు ఆరు నెలలు వస్తుంది. ఆ తర్వాత తిండిలోంచే రావాలి. టీలో ఉండే టానిన్లు ఆ ఇనుమును పట్టుకొని ఒంటికి పట్టనియ్యవు. అంటే టీ వల్ల లాభం లేకపోవడమే కాదు, తిన్న పప్పు, ఆకుకూరలో ఉన్నది కూడా కొంత పోతుంది. పైగా కడుపు నిండిపోయి బిడ్డ వేరే తిండి అడగడు. ఒక్క గుక్కే కదా అంటారు. రోజుకు రెండుసార్లు, నెలకు అరవైసార్లు ఆ ఒక్క గుక్క.

సీసాలో ఆవుపాలు. ఇది చెప్తే మన పక్క ఎవరూ నమ్మరు, పాడి మీద బతికే ఊళ్ళు కదా. కానీ ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాల బదులు ఆవుపాలు తాగిస్తే మూడు నష్టాలు. వాటిలో ఇనుము చాలా తక్కువ. ఉన్న ఇనుమును కూడా సరిగ్గా పట్టనియ్యవు. కొందరు బిడ్డలకు పేగుల్లో కంటికి కనపడనంత కొద్దికొద్దిగా రక్తం పోతుంది. ఇంక నీళ్ళు కలిపితే బలం సగం, మురికి నీళ్ళయితే విరేచనాలు. సీసా, దాని రబ్బరు పీక శుభ్రం చేయడం మన ఇళ్ళల్లో ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఆరు నెలలు దాటినాక అన్నంలో కొంచెం పెరుగు, జావలో కొంచెం పాలు కలిపితే తప్పులేదు. తాగే పాలుగా మాత్రం ఏడాది నిండేవరకు తల్లిపాలే. తల్లి దగ్గర లేని బిడ్డకు ఏం తాగించాలో డాక్టర్‌ని అడిగి తెలుసుకోవాలి, మనకు మనమే నీళ్ళు కలిపి లెక్క కట్టకూడదు. మా ఇంట్లో జరిగిన పెద్ద తప్పు ఇదే.

చక్కెర, బెల్లం నీళ్ళు, బిస్కెట్, జ్యూసు. తీపి రుచి ముందు మరిగితే బిడ్డ పప్పు, కూర ఉమ్మేస్తాడు. వచ్చే పండ్లు పుచ్చిపోతాయి. బిస్కెట్ అంటే మైదా, చక్కెర, నూనె, ఉప్పు. కడుపు నింపుతుంది, రక్తం పట్టించదు. డబ్బా పిండి కొనగలిగినోళ్ళు కూడా వెనక రాసింది చదవాలి. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌లోని పబ్లిక్ ఐ అనే సంస్థ ఒక రిపోర్టు ఇచ్చింది. మన దేశంలో అమ్మే సెరెలాక్ రకాల్లో ఒక్కసారి పెట్టే తిండికి సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర అదనంగా ఉందని, యూరప్‌లో కొన్ని దేశాల్లో అదే కంపెనీ చక్కెర కలపకుండా అమ్ముతోందని. పెద్ద గొడవైంది. తర్వాత ఆ కంపెనీ ఇక్కడ కూడా చక్కెర కలపని రకాలు తెచ్చింది. చదివి అడిగితే కంపెనీలు కూడా మారతాయి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో కూడా చక్కెర కలిసే వస్తుంది, కాబట్టి ఇంట్లో మళ్ళీ వెయ్యొద్దు.

ఉప్పు, కారం, చిరుతిండ్లు. ఏడాదిలోపు బిడ్డకు రోజు మొత్తానికి 1 గ్రాము ఉప్పు కూడా దాటకూడదు. అది తల్లిపాలు, మామూలు తిండిలోనే సరిపోతుంది. ఎక్కువైతే ఆ చిన్న మూత్రపిండాలు మొయ్యలేవు. ఉప్పులేనిది ఎట్ల తింటాడు అని మనకు బాధ. రుచి మనకు అలవాటు, వాడికి ఇంకా తెలీదు. చెయ్యాల్సింది ఒకటే. పప్పు ఉడికినాక ఉప్పు, కారం వెయ్యకముందే బిడ్డ వాటా పక్కకు తియ్యండి. ఐదు రూపాయల కారం పాకెట్లు, చిప్స్ చేతిలో పెట్టి ఏడుపు మాన్పించడం ఆపండి.

తేనె. ఇది రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. తేనె మన జాతుల పనితనం. అడవిలోంచి తెచ్చేది మనవాళ్ళే. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, అమ్మే వాటిలో అందరికీ తెలిసింది ఆ తేనే. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాయడం చాలా ఇళ్ళల్లో మొదటి ముచ్చట. కానీ తేనెలో ఒక్కోసారి బొటులినమ్ అనే క్రిమి విత్తనాలు ఉంటాయి. పెద్దోళ్ళ పేగుల్లో అవి మొలవలేవు. ఏడాదిలోపు బిడ్డ పేగులో మొలిచి విషం పుట్టిస్తాయి. బిడ్డల్లో వచ్చే ఈ జబ్బును మొదట 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గుర్తుపట్టినారు. ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నబడుతుంది, పాలు పీల్చలేడు, మెడ నిలవదు, కనురెప్పలు వాలిపోతాయి. ఊపిరి ఆడే కండరాలు కూడా పడిపోవచ్చు. ఇంట్లో కాచినా ఆ విత్తనాలు చావవు. స్వచ్ఛమైనదా కల్తీదా అనే ప్రశ్న కూడా కాదు, అసలైన అడవి తేనెలోనే ఉండొచ్చు. అరుదైన జబ్బే. కానీ తేనె పెట్టకపోతే బిడ్డకు పోయేదేమీ లేదు. మన తేనె గొప్పదే, ఏడాది నిండినాక పెట్టుకుందాం. ఒక ఏడాది ఆగితే దాని గౌరవం తగ్గదు.

గాడిద పాలు, వస, ఆముదం. గాడిదను తోలుకొని వీధిలో అరుచుకుంటూ వచ్చేవాళ్ళు మీ ఊళ్ళోకీ వస్తుంటారు. చిన్న గిన్నెడు పాలకు ఎంత అడిగితే అంత ఇచ్చి, జలుబు రాదని కాచకుండానే పోస్తారు. కాచని పాలు ఏ జంతువువైనా పసిబిడ్డకు ప్రమాదమే. మాటలు తొందరగా వస్తాయని వస కొమ్ము అరగదీసి నాకించడం, కడుపు శుభ్రమని ఆముదం పొయ్యడం కూడా వద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, ఎండాకాలంలో కూడా. మొదటి రెండు మూడు రోజులు వచ్చే పసుపుపచ్చని ముర్రుపాలు పిండి పారబోసేవాళ్ళు ఇంకా ఉన్నారు. బిడ్డకు అది మొదటి టీకా లాంటిది.

గింజలు. మనది చెనక్కాయల సీమ. గింజ ఉన్నది ఉన్నట్టు బిడ్డ నోట్లో పెడితే గొంతుకు, ఊపిరితిత్తికి అడ్డం పడుతుంది. వేయించిన శనగలు, బఠాణీలు, బొరుగులు, కోయని ద్రాక్షపండు, అన్నీ అంతే. గింజలు ఐదేళ్ళ వరకు ఒట్టిగా ఇవ్వద్దంటారు.

ఇంక పెట్టాల్సినవి, మనం భయపడి ఆపేవి.

చెనక్కాయలతోనే మొదలుపెడతా. గింజ వద్దు కానీ, మెత్తగా నూరిన ముద్ద ఆరు నెలలు దాటినాక జావలో కలిపి పెట్టొచ్చు. ఇదివరకు డాక్టర్లు కూడా అలర్జీ వస్తుందని ఆలస్యం చెయ్యమనేవాళ్ళు. 2015లో లండన్‌లో 640 మంది బిడ్డల మీద చేసిన పరిశోధన ఆ మాటను తిప్పేసింది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న బిడ్డలకే ముందునుంచి వేరుశనగ పెట్టినప్పుడు, ఐదేళ్ళకు ఆ అలర్జీ పెట్టనివాళ్ళతో పోలిస్తే దాదాపు ఐదో వంతుకు తగ్గింది. బిడ్డకు గజ్జి లాంటి చర్మ జబ్బు బాగా ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి.

గుడ్డు. వేడి చేస్తుందని, అరగదని ఏడాది దాటేవరకు ముట్టనివ్వరు. బాగా ఉడికించి మెదిపి ఆరు నెలలు దాటినాక పెట్టొచ్చు. అంగన్‌వాడీ గుడ్డు బిడ్డ పేరుమీద ఇంటికి వస్తుంది, తినేది ఎవరో మన మనసుకు తెలుసు.

రాగులు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, పిండి కొట్టించుకుంటే ఇంకా బాగా అరుగుతుంది. నీళ్ళలాగా జారిపోయే జావ కాదు, గరిటె వంచితే నిలిచేంత చిక్కగా ఉండాలి. దాంట్లో మెదిపిన పెసరపప్పు, ఆకుకూర, ఒక చెంచా నెయ్యి లేదా నూనె. కోడికూర వండినరోజు కారం లేకుండా ఉడికించిన కాలేయం మెదిపి పెడితే రక్తానికి అంతకంటే మంచిది లేదు. 6–8 నెలల్లో రోజుకు రెండు మూడుసార్లు, తర్వాత మూడు నాలుగుసార్లు. పండ్లు రాకపోయినా పర్వాలేదు, చిగుళ్ళతోనే నములుతారు. తల్లిపాలు రెండేళ్ళు, ఆ పైన కూడా. 2024 మేలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన 17 సూత్రాల్లో ఒకటి ఇదే: ఆరు నెలలు నిండగానే ఇంట్లో వండిన మెత్తని తిండి మొదలుపెట్టండి అని. ఇంట్లో వండినది అని చూసుకోండి. మన పొయ్యి మీదదే.

ఇప్పుడు మీరు అడగబోయే మాటలు నాకు తెలుసు.

"మా అవ్వ ఇట్లే పెంచింది, మేమంతా బాగానే ఉన్నాం కదా?" నేనూ అదే అన్నా. తర్వాత మా అవ్వను కూర్చోబెట్టి ఎంతమందిని కన్నావని అడిగినా. తొమ్మిది మంది అంది. పెరిగింది ఐదుగురు. మిగతా నలుగురికి ఏమైందంటే "గాలి సోకింది" అంది, కొంగుతో కండ్లు తుడుచుకుంది. బాగానే ఉన్నాం అని చెప్పేవాళ్ళం బతికినోళ్ళం మాత్రమే. పోయినోళ్ళు ఈ గ్రూపులో కామెంట్ పెట్టలేరు.

"అయితే తప్పంతా మన ఆడోళ్ళదేనా?" కాదు. ఇదే నేను గట్టిగా చెప్పదలచుకున్నది. మా అమ్మ బిస్కెట్ పెట్టింది తెలివిలేక కాదు. మా చిన్నప్పుడు సంగటి పేదోళ్ళ తిండి, బిస్కెట్ పెద్దిండ్ల తిండి. మనవడు పెద్దిండ్ల పిల్లోడిలా తినాలని ఆమె కోరిక. నేను కాలేజీకి పోయినందుకు గుర్తుగా ఆ పాకెట్ తెచ్చినా. మన గౌరవం కోసం మనమే మన తిండిని కిందపెట్టినాం. ఆసుపత్రిలో మా అమ్మ మీద అరిచినాయన చెప్పిన విషయం నిజమే, చెప్పిన తీరు తప్పు. అరిస్తే మన ఆడోళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కరు. అప్పుడు నష్టపోయేది బిడ్డే.

రెండోది, వలస. తల్లి పక్కన ఉంటే పాలు ఉంటాయి. తల్లి బెంగళూరులో, బిడ్డ తండాలో ఉంటే సీసా వస్తుంది. యాభై మంది కంటే ఎక్కువ ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది పెట్టాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో ఉండేది. మా అక్క పనిచేసిన చోట అట్లాంటి గది లేదు. డబ్బా పాలు, పాలసీసాల ప్రచారాన్ని అదుపు చేసే చట్టం 1992లోనే వచ్చింది, 2003లో గట్టి చేసినారు. రెండేళ్ళలోపు బిడ్డల తిండికి ప్రకటనలు వెయ్యకూడదు. కానీ తండా అంగట్లో వేలాడే ఐదు రూపాయల బిస్కెట్ ఆ చట్టం కంటికి కనపడదు. అక్కడ చూడాల్సింది మనమే.

మనకు చదువొచ్చింది. పాకెట్ వెనక అక్షరాలు మన ఇంట్లో మొదట చదవగలిగింది మనమే. అందుకే నేను అడిగేది ఇంతే.

ఈసారి ఇంటికి పోయినప్పుడు బిస్కెట్ బదులు గుడ్లో, అరటిపండ్లో తీసుకపోండి. "ఇది తప్పు, అది తప్పు" అని అమ్మకి, అవ్వకి క్లాసు పీకొద్దు. పక్కన కూర్చొని మీ చేత్తో ఒక గిన్నె రాగిజావ చేసి బిడ్డకు తినిపించండి. మగోళ్ళు కూడా. మేనమామ చేత్తో మొదటి ముద్ద పెట్టించే ఆచారం చాలా ఇళ్ళల్లో ఉంది, ఆ ముద్ద సరైనది అయ్యేటట్టు చూసుకోండి. గోరుబోలీలో, మీమీ ఇంటి భాషల్లో ఒక నిమిషం ఆడియో చేసి తండా గ్రూపుల్లో పెట్టండి. తెలుగులో గోడమీద రాసినది మా అవ్వ చదవలేదు, మనవడి గొంతు అయితే వింటుంది.

మావాడికి ఐరన్ చుక్కలు ఇచ్చినారు, తిండి మార్చినాం, టీ పూర్తిగా మానిపించినాం. మూడు నెలల తర్వాత చూస్తే 9.8. ఇంకా పదకొండు కాలేదు. అక్క పనికి మళ్ళీ పోవాల్నా వద్దా అని ఇంట్లో రోజూ మాట నడుస్తోంది, అప్పు అట్లే ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ వాడు గోడ నాకడం మానేసినాడు. పోయిన శనివారం నన్ను చూసి సంచిలో చెయ్యి పెట్టి వెతికినాడు. బిస్కెట్ దొరకలేదు, ఏడ్చినాడు. గుడ్డు ఒలిచి మెదిపి పెడితే సగం తిన్నాడు, సగం నా చొక్కాకు పూసినాడు.

మీ ఊళ్ళో ఏడాదిలోపు బిడ్డలకు ఏం పెడతారు, ఏం ఆపుతారు కింద రాయండి. యానాది, ఎరుకల ఇళ్ళల్లో నాకు తెలియని మంచి తిండ్లు ఉంటాయి, అవి కూడా చెప్పండి. అన్నీ ఒకచోట రాసి, అంగన్‌వాడీ అక్కకు చూపించి, తప్పులుంటే దిద్దించి మళ్ళీ పోస్ట్ చేస్తా.

మీ తమ్ముడు, కలికిరి హాస్టల్ నుంచి.